పదమూడో సభలో ఎవరూ మాట్లాడలేదు

పెద్దపోటుకు 20 రోజులు

ఇది సభ పుస్తకం కాదు. సభ మాటలు రాయడానికి, ఎన్ని పేజీలైనా వేళలతో సహా దాచుకునే పలక వేరే ఇచ్చారు, దానికి నంబరు వేసి నా మెడలో తగిలించారు. ఇది నా సొంతానికి. మునిగిపోయిన ఊళ్ళ పటాలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. వాటి ముందువైపు ఇప్పుడెవరికీ అక్కర్లేదు. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని కత్తిరించి కుట్టుకున్నాను.

ఈ రోజు నన్ను సభ లేఖరిగా వేశారు. "నూకరత్నం, ఏడో పంటు" అని పిలిచారు. బల్లకట్టు లాంటి తేలే పంట్లను గొలుసులతో కలిపి కట్టిందే మా ఊరు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ ధనకొండ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ, అందరూ నీళ్ళలోకి దిగి పంట్ల అడుగున పట్టిన గుల్లలు గీకినవాళ్ళే.

పని మా పంటుదే. కింద ఉన్న నాలుగు గాలి డ్రమ్ములూ తుప్పు పట్టి నీళ్ళు తాగుతున్నాయి. ఒక మూల ఇప్పటికే బెత్తెడు దిగింది. సముద్రం ఎప్పటికంటే ఎత్తు పొంగే పెద్దపోటు లోపు డ్రమ్ములు మార్చాలి. మార్చకపోతే ఆ రోజు తెల్లారగానే మా గొలుసులు వదిలేస్తారు, లేకపోతే మా బరువుకి ఆరో పంటూ ఎనిమిదో పంటూ కూడా ఒరిగిపోతాయి. అప్పుడు మా పద్దెనిమిది కుటుంబాల వాళ్ళనీ ఖాళీ ఉన్న చోటల్లా సర్దుతారట. జాబితా అప్పుడే సిద్ధం చేసి గోడకి అంటించారు. అమ్మ మూడో పంటులో, అమ్మమ్మ ఇరవై రెండులో, నేను పదకొండులో.

కొత్త డ్రమ్ములు గోదాములో ఉన్నాయి. మార్చడం మూడు రోజుల పని. గోదాము తాళం గుమాస్తా దగ్గర ఉంది.

గుమాస్తా మనిషి కాదు. సభ గదికీ గోదాముకీ మధ్య గోడలో బిగించిన రేకు పెట్టె. గాజు కన్ను ఒకటి, గొంతు ఒకటి, చెవులు లేవు. కప్పు మీద పరిచిన ఎండగుడ్డకి ఎండ తగిలినంతసేపే మెలకువగా ఉంటాడు. సభ నమోదు చూపించి, అందులో తీర్మానం కనిపిస్తేనే తలుపు తీస్తాడు. పూర్వం పన్నెండో పంటులో ఒకాయన ఎవరినీ అడక్కుండా గొలుసు కొక్కెం మార్చబోయాడు. అప్పట్నుంచి మనకి పన్నెండో పంటు లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు రేడియోలో వాళ్ళ క్షేమసమాచారాలు వినిపిస్తుంటాయి, బాగానే ఉన్నారట. ఆ తర్వాతే సభ లేకుండా ఎవరూ బోల్టు ముట్టుకోకూడదని చట్టం వచ్చింది.

మొదటి సభ గంటసేపు జరిగింది. అధ్యక్షులు గన్నేశ్వరరావు గారు, ముప్ఫై ఏళ్ళు రేవు అధికారిగా చేసి దిగిన పెద్దమనిషి. ఇంజినీరు సువార్త మేడం. మా పక్కనున్న ఎనిమిదో పంటులో ఊరి వంటశాల ఉంది, దాని తరఫున కరీముల్లా బాబాయి. దిగుతున్నది ఆగ్నేయం మూల అని, వాస్తు ప్రకారం అది మంచిది కాదని అధ్యక్షులు అన్నారు. ప్రవాహాన్ని బట్టి ఊరు తిరుగుతుంది కాబట్టి మధ్యాహ్నానికి అది నైరుతి అవుతుందని మేడం అన్నారు. రెండిట్లో ఏది ఎక్కువ చెడ్డదో నలభై నిమిషాలు చర్చించారు. తర్వాత టీ వచ్చింది. చక్కెర లేకుండా ఎవరికని కరీముల్లా బాబాయి అడిగారు, తనకేనని అధ్యక్షులు చెప్పారు. అధ్యక్షులు తుమ్మారు. బాబాయి "నూరేళ్ళు" అన్నారు. సభ ముగిసింది.

గోడ మీద రెండు నియమాలు రాసి ఉన్నాయి. సభలో వినబడిన ప్రతిదీ నమోదు కావాలి. ప్రతి సభా గత సభ నమోదు చదవడంతో మొదలవ్వాలి. తుమ్ము సంగతి కాస్త ఆలోచించాను. వినబడింది కదా, రాశాను.

పెద్దపోటుకు 19 రోజులు

నాకు ముందున్న లేఖరి పదకొండేళ్ళ పుస్తకాలు తిరగేశాను. ప్రతి పేజీలోనూ ఒకటే. "గత నమోదు చదవడమైనది. చర్చించడమైనది. ముగించడమైనది." ఆయన తరఫున నేను సిగ్గుపడ్డాను.

ఈ రోజు రెండో సభ. నియమం ప్రకారం నిన్నటి నమోదు మొత్తం చదివాను. గంట పట్టింది. చదువుతుండగా తుమ్ము దగ్గరికి రాగానే కరీముల్లా బాబాయి అలవాటు కొద్దీ మళ్ళీ "నూరేళ్ళు" అన్నారు. తర్వాత గంటసేపు కొత్త చర్చ. డ్రమ్ములు మారిస్తే వంటశాల ఊగి సాంబారు ఒలుకుతుందని బాబాయి అభ్యంతరం చెప్పారు.

నమోదు రాయడానికి కూర్చున్నాక నాకొక విషయం తట్టింది. నేను చదివింది కూడా సభలో వినబడినదే కదా. అది కూడా నమోదు కావాలి. ఇన్నేళ్ళుగా ఎవరూ ఈ సంగతి గమనించలేదు. నిన్నటి నమోదు మొత్తాన్నీ ఈనాటి దానిలో చేర్చి గుమాస్తా కన్ను ముందు పెట్టాను.

గుమాస్తా చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పాడు: "పదకొండేళ్ళలో ఇది మొదటి సంపూర్ణ నమోదు. ఇకపై ఇదే నమూనా. ఇంతకు తక్కువైతే స్వీకరించబడదు."

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే అమ్మ దాచుకున్న చేపగుడ్లు తీసి వేయించింది.

పెద్దపోటుకు 17 రోజులు

నాలుగో సభ. చదవడానికే మూడు గంటలు పట్టింది. నిన్న తొందరగా చదివేద్దామని చూశాను గానీ, పలక మీద వేళలు చూసి గుమాస్తా పట్టేశాడు. నిమిషానికి తొంభై మాటలు దాటితే విన్నవాళ్ళకి అర్థం కానట్టే లెక్కట. సభ్యుల్ని పొద్దుపోయేదాకా ఉంచి మళ్ళీ చదివించాడు.

నేను "చక్కెర లేకుండా ఎవరికి" అని చదివినప్పుడల్లా అధ్యక్షులు ఉలిక్కిపడి "నాకే" అంటున్నారు. తుమ్ము వచ్చినప్పుడల్లా బాబాయి నూరేళ్ళు ఇస్తున్నారు. అవన్నీ రాస్తున్నాను. అధ్యక్షుల ఆయుష్షు ఇప్పటికి నాలుగు వందల ఏళ్ళకి చేరింది.

నిన్న మూడో సభలో, సభలు మరీ పొడుగవుతున్నాయని సువార్త మేడం అన్నారు. దాని మీద అధ్యక్షులు క్లుప్తత అవసరం గురించి ఇరవై రెండు నిమిషాలు మాట్లాడారు. ఈ రోజు అది చదివినప్పుడు కళ్ళు మూసుకుని విన్నారు. సభయ్యాక నన్ను పక్కకి పిలిచి, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తన మాట ఎవరూ పూర్తిగా రాసుకోలేదని చెప్పారు. ఆ ప్రసంగం రేపు కూడా చదువుతావా అని అడిగారు. రోజూ చదువుతానని చెప్పాను. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో అమ్మ మంచం కోళ్ళ కింద మరో చెక్క పెట్టాల్సొచ్చింది. బాతులు పల్లం వైపే పోతున్నాయి, వాటిని మళ్ళీ ఎత్తు మీదకి తోలడం అమ్మమ్మకి రోజంతా పని అయిపోయింది. అమ్మ తల దువ్వుకుంటూ సభలో ఏం తేలిందని అడిగింది. పలక తీసి చదవబోయాను. ఆపింది.

"అంతా వద్దే. ఎవరు దిగుతున్నారు? ఎప్పుడు దిగుతున్నారు? తాడు ఎవరి చేతిలో ఉంటాది?"

ఆ మూడూ నా దగ్గర లేవు. ఎనభై పేజీలున్నాయి.

"మరి పొద్దుటినుంచీ ఏం మాట్లాడుకున్నారే అంతమంది?" అంది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

పెద్దపోటుకు 13 రోజులు

నిన్నట్నుంచీ ఒకటే వాన. ఎండ లేదు కాబట్టి గుమాస్తా నిద్రలో ఉన్నాడు, సభ లేదు. ఆరో సభ తర్వాత నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరికింది. వాన పట్టే గుడ్డలు కట్టడం, కడవలు మార్చడం నా పని. తెల్లారి ఆ పని మీద నీటిమెట్టు దగ్గరికి వెళ్ళాను.

అమ్మ వాళ్ళు రోజూ దిగేముందు అక్కడ నిలబడతారు. పదకొండు మంది ఆడవాళ్ళు, మోకాళ్ళ లోతు నీళ్ళలో. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను గానీ అదీ ఒక సభేనని ఎప్పుడూ అనుకోలేదు. ఈ రోజు సమయం చూశాను. పోలమ్మత్త నడుముకి గుడ్డ బిగించుకునేలోపే అయిపోయింది. ఎవరు ఎక్కడ దిగాలో అమ్మ చెప్పింది. చెవి పోటు అని ఒకావిడ అంటే ఆవిడకి తాడు ఇచ్చారు. ఇంకెవరూ మాట్లాడలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అందులో నిలబడి ఎవరు మాత్రం ఉపన్యాసం ఇస్తారు.

మా మూల ఇప్పుడు జానెడు దిగింది.

పెద్దపోటుకు 7 రోజులు

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

ఈ రోజు పదో సభ. చదవడానికి తొమ్మిది గంటలు పట్టింది. తెల్లారగానే మొదలుపెడితే కొత్త చర్చకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటి సగం పొద్దు వాలింది. సువార్త మేడం నాలుగో నమూనా గీసి తెచ్చారు గానీ, అప్పటికే ఊరు తిరిగిపోయి దిక్కులు మారిపోయాయి. దాని మీద గంట చర్చించారు.

ఇంటికొచ్చి సుద్దతో వంటింటి గోడ మీద లెక్క వేశాను. రోజుకి గంట చొప్పున పెరుగుతోంది. గుమాస్తా మెలకువగా ఉండేది పన్నెండు గంటల పది నిమిషాలు. పదమూడో సభలో చదవడానికే దాదాపు పగలంతా పోతుంది. పద్నాలుగో సభ ఏ పగటిలోనూ పట్టదు. పూర్తిగా చదవని సభ సభే కాదు, తర్వాతి రోజు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. ఇక ఎన్ని రోజులు కూర్చున్నా అంతే.

లెక్క మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. తప్పంతా నాదే. మా ఇంటి నుంచి మొదటిసారి ఒక మనిషిని బడికి పంపారు, ఆ మనిషి చదివీ చదివీ సొంత పంటుని ముంచుతోంది. పాత లేఖరి ఒక్క ముక్కలో "చదవడమైనది" అని రాస్తే సోమరి అనుకున్నాను. ఆయన పదకొండేళ్ళలో ఒక్క పంటునీ పోగొట్టుకోలేదు.

అమ్మ వచ్చేలోపు గోడ తుడిచేశాను.

పెద్దపోటుకు 5 రోజులు

ఈ రోజు పన్నెండో సభ అయ్యాక ఇక దాచలేకపోయాను.

అమ్మ తల తుడుచుకుంటూ, రెండ్రోజులుగా అన్నం కెలుకుతున్నావు, ఏంటి సంగతి అని అడిగింది. అంతా చెప్పాను. రేపటి నమోదు చదవడానికి పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. మిగిలేది పద్దెనిమిది నిమిషాలు. అదీ మధ్యలో ఎవరూ ఒక్క మాట కూడా కలపకపోతే. ఆ రోజూ తీర్మానం రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

తిడుతుందనుకున్నాను. అమ్మ తువ్వాలు దండెం మీద వేసింది.

"నీళ్ళ కింద మేమేమైనా మాట్లాడుకుంటామా? పని ఆగుతుందా?" అంది. తర్వాత, "వాళ్ళని ఒకసారి మెట్టు దగ్గరికి రమ్మను. పొద్దు పూర్తిగా పోకముందే" అంది.

ముగ్గురూ ఇంకా సభ గదిలోనే ఉన్నారు. పొద్దుట్నుంచీ కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతున్నారు. ఎలాగో తీసుకొచ్చాను. మెట్టు మీద నిలబడి, ఇదంతా నా వల్లే జరిగిందని, చదివిందాన్ని మళ్ళీ చేర్చడం నా తెలివేనని చెప్పేశాను. సువార్త మేడం నుదురు కొట్టుకున్నారు. కరీముల్లా బాబాయి వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, తను ఒకే తుమ్ముకి పన్నెండుసార్లు నూరేళ్ళు ఇచ్చానా అని అడిగారు. అధ్యక్షులు మాత్రం బాగా చిన్న గొంతుతో, తన మాటలు అంత శ్రద్ధగా రాసింది కొత్తగా అక్షరం నేర్చుకున్న పిల్ల కాబట్టే కదా అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ వాళ్ళని నీళ్ళలోకి దిగమంది. చర్చ సభలోనే జరగాలి కదమ్మా అన్నారు అధ్యక్షులు. అమ్మ వినయంగానే చెప్పింది, ఇది చర్చ కాదండీ బాబుగారూ, నాలుగు మాటలు అడుగుతానంతే అని. పంచె ఎగ్గట్టుకుని ఆయన దిగారు. మోకాళ్ళ దాకా నీళ్ళు తగలగానే ఉలిక్కిపడ్డారు.

ఏ డ్రమ్ము ముందు మార్చాలని అమ్మ అడిగింది. మేడం నమూనా తీయబోయారు, తడిసిపోతుందని మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. ఉత్త చేత్తో చూపించి, "అదిగో, చేపలెండబెట్టే మూల. అది మారిస్తే మిగతా మూడింటికీ ఊపిరొస్తుంది" అన్నారు. పన్నెండు సభల్లో ఆవిణ్ణి ఎవరూ ఈ ప్రశ్న అడగలేదట. ఎప్పుడు దిగాలో అమ్మే చెప్పింది, ఎల్లుండి పొద్దున పోటు తగ్గి నీరు తీసినప్పుడు. డ్రమ్ము బరువుకి తాడు పట్టే చేతులు కావాలంది. ఊళ్ళో అంత బలమైన చేతులు వంటశాల గుండిగలెత్తే బాబాయివే. ఆయన తన సాంబారు సంగతేంటని అడగబోయి, నీళ్ళు తొడల దాకా రావడంతో సరేననేశారు.

అంతా కలిపి పోలమ్మత్త గుడ్డ బిగించుకున్నంతసేపే పట్టింది. ఇక మిగిలింది దాన్ని సభలోకి చేర్చడం.

పెద్దపోటుకు 4 రోజులు

పదమూడో సభ.

తెల్లారగానే అమ్మ ఒక తాడు తెచ్చి ముగ్గురి నడుములకీ వరసగా కట్టింది. పని చేసే మనిషి సభలో ఉండి ఒప్పుకోవాలి కాబట్టి అమ్మ కూడా గుమ్మం దగ్గర కూర్చుని తాడు కొస పట్టుకుంది. ఒకసారి లాగితే టీ కావాలని. రెండుసార్లయితే బయటికెళ్ళి రావాలని. మూడుసార్లయితే, నీళ్ళ కింద దానికి ఒకటే అర్థం, నన్ను పైకి లాగండి అని. అది ఇక్కడ అవసరం రాదనుకున్నాం.

ఎండగుడ్డ మీద మొదటి వెలుగు పడగానే మొదలుపెట్టాను. వాస్తు అయిపోయింది. ఎవరూ కదల్లేదు. చక్కెర లేని టీ వచ్చింది, అధ్యక్షుల పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తుమ్ము ఇంకా పది పేజీల దూరంలో ఉండగానే కరీముల్లా బాబాయి భుజం మీది తువ్వాలు ఉండ చుట్టి నోట్లో పెట్టుకున్నారు. తుమ్ము వచ్చింది, పోయింది. తువ్వాలు తీయలేదు. మధ్యాహ్నం దాకా తీయలేదు.

మధ్యాహ్నం అధ్యక్షులకి నిజం తుమ్మే వచ్చింది. ముఖం పైకెత్తారు, కళ్ళు సగం మూతపడ్డాయి. సువార్త మేడం లేచి ఆయన ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకున్నారు. నేను చదువుతూనే ఉన్నాను. రెండు నిమిషాల తర్వాత వదిలారు. ఇద్దరూ ఏమీ జరగనట్టు కూర్చున్నారు.

ఎనిమిదో గంటలో నా గొంతు పోయింది. నీళ్ళు తాగాను. ఇంకో పేజీ లాగాక అక్షరాలు పలకడం మానేశాయి. మేడం పలక అందుకున్నారు. ఆవిడ గంటన్నర చదివాక అధ్యక్షులు చేయి చాచారు.

ఆయనకి అందిన భాగం తొమ్మిదో సభ. క్లుప్తత గురించి తన ప్రసంగాన్ని ఆయన మళ్ళీ మొదట్నుంచీ చెప్పిన రోజు.

మొదటి ఐదు నిమిషాలు బాగానే చదివారు. తర్వాత గొంతు మెల్లగా తగ్గింది. పదో నిమిషంలో, "అతి ముఖ్యమైన మూడు విషయాలు చెప్పి ముగిస్తాను" అన్న వాక్యం దగ్గర ఆగి, ముందుకి తిప్పి ఇంకా ఎన్ని పేజీలున్నాయో చూసుకున్నారు. ముఖం ఎర్రబడింది. వదిలేయడానికి లేదు, వేగం పెంచడానికీ లేదు. పదిహేనో నిమిషంలో నడుము దగ్గర తాడుని మూడుసార్లు లాగారు.

అమ్మ తాడు గట్టిగా పట్టుకుంది. లాగలేదు. తల మాత్రం ఊపింది, ఇంకొంచెమే అన్నట్టు. ఆయన మళ్ళీ చదివారు.

చదవడం పూర్తయ్యేసరికి చేతులు మారడంలో కొంత సమయం పోయి, ఏడు నిమిషాలు మిగిలాయి. ఎండ ఎండగుడ్డ అంచుకి వచ్చేసింది. తీర్మానం ప్రతిపాదించండి అని అధ్యక్షులు చేత్తో అమ్మకి సైగ చేశారు. అమ్మ లేచి నిలబడింది. అంత పెద్ద గదిలో మాట్లాడటం అమ్మకి అదే మొదటిసారి.

"నేనూ పోలమ్మా దిగుతాం. రేపు పొద్దున నీరు తీసినప్పుడు. తాడు కరీముల్లా గారి చేతిలో. ముందు చేపలెండబెట్టే మూల డ్రమ్ము."

రాశాను. గుమాస్తా ముందు పెట్టాను. కన్ను మెల్లగా పై నుంచి కిందకి, కింద నుంచి పైకి కదిలింది. మూడు నిమిషాలు. అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. బాబాయి తువ్వాలు మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు. అధ్యక్షుల ముగింపు మాట నమోదు కాలేదు అన్నాడు.

అందరం ఆయన వైపు తిరిగాం. గన్నేశ్వరరావు గారు రేవు ఉద్యోగంలో ఏ తీర్మానానికీ ముగింపు మాటని గంటకి తక్కువ చెప్పలేదని అందరికీ తెలుసు. ఆయన లేచారు, కండువా సర్దుకున్నారు, గొంతు సవరించుకోబోయి అది కూడా వినబడుతుందని మానుకున్నారు.

"సరే" అన్నారు.

ఆ ఒక్క మాటా రాసి గుమాస్తాకి చూపించాను. గోదాము తలుపు తెరుచుకుంది. గుమాస్తా కన్ను ఆరిపోయింది. ఆ తర్వాత గదిలో ఎవరెవరు ఏమేం అరిచారో నాకు తెలీదు. అప్పటికి సభ ముగిసింది కాబట్టి రాయాల్సిన పని లేదు.

పెద్దపోటుకు 1 రోజు

నాలుగో డ్రమ్ము ఎక్కింది. బాబాయి అరచేతులు పుళ్ళయ్యాయి, ఆయన అందరికీ చూపించుకుంటున్నారు. వంటశాల ఒక్కసారే ఊగింది. సాంబారు ఒలికింది గానీ ఆయనే మాట మార్చారు, పప్పు పలచగా ఉందిలే అని. గోడ మీది జాబితాని అమ్మమ్మ చింపి బాతుల గంపలో అడుగున పరిచింది.

పెద్దపోటు

తెల్లారింది. గుమాస్తా చెప్పాడు: "ఏడో పంటు మట్టం సరి. గొలుసులు యథాతథం." మధ్యాహ్నానికి పోటు వచ్చింది. ముప్ఫై పంట్లూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. అమ్మ నిద్రలో ఉంది, మూడు రోజులు దిగిన మనిషి. లేపలేదు.

సాయంత్రం అధ్యక్షులు మా ఇంటికొచ్చారు. ఒక సందేహం ఉందన్నారు. మన సభని లాంఛనంగా ముగించాలంటే పద్నాలుగో సభ పెట్టాలి, గంటసేపు తన వీడ్కోలు మాటతో కలిపితే అది ఏ పగటిలోనూ పట్టదు, మరి తన పదవి ఎప్పుడు పోతుందని. పోదండీ అన్నాను. అంటే తాను బతికినంతకాలం అధ్యక్షుడేనా అని రెండుసార్లు అడిగారు. పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఆ రోజు వినబడినదంతా రాశావు కదమ్మా?"

"రాశానండీ" అన్నాను.

"నేనూ అక్కడే ఉన్నాను. అంతా విన్నాను. నమోదు సరిగ్గా ఉంది" అని చెప్పి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

గోడ మీద రాయని నియమం ఇంకొకటుంది, సభ్యులు కానివాళ్ళు అడగకుండా మాట్లాడితే, ఎందుకు మాట్లాడారో సభ కనీసం అరగంట చర్చించాలి. మాకు ఉన్నది పద్దెనిమిది నిమిషాలు. పలక నా చేతిలోనే ఉంది. వేలు కదపలేదు. నేను రాయకుండా వదిలేసిన మొదటి మాట అది. ఎక్కడా లేకుండా పోవడం నాకిష్టం లేదు కాబట్టి, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పదమూడో సభ, ఎనిమిదో గంట. ధనకొండ, ఏడో పంటు, సభ్యురాలు కాదు. లేఖరిని ఉద్దేశించి పలికినది: "కాసిన్ని నీళ్ళు తాగవే, గొంతు పోతాది."